ఒకే పరీక్షకు ఇద్దరం

నా కూతురు లిడా ఆ మార్చిలో ఆస్టిన్ నుంచి పెట్టెలు సర్దుకుని ఇంటికొచ్చి, నేను రాయబోయే పరీక్షే తనూ రాస్తానన్నప్పుడు అందరికంటే ముందు సంతోషపడింది నేనే. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. తరవాత జరిగింది విన్నవాళ్ళు ఈ ముక్క నమ్మరు.

ఆదివారం పొద్దున. చర్చి నుంచి వస్తూ నా భార్య మోరీన్ ఆప్రికాట్ జామ్ పెట్టిన కొలాచీ బన్నులు తెచ్చింది. లిడా వేళ్ళకంటిన చక్కెర చప్పరిస్తూ, తను నెట్‌వర్కులు చూసే ఆసుపత్రుల సంస్థ ఇంటి నుంచే పని చేసుకోమందనీ, ఆస్టిన్‌లో అద్దె ఇల్లు వదిలేశాననీ, ఈ ఏడు ల్యాబ్ పరీక్షకు కూర్చుంటాననీ చెప్పింది. నీ పక్కన కూర్చుని చదువుకుంటే నీకేమైనా అడ్డమా నాన్నా అని అడిగింది. అడ్డమేమిటి, ఆ మధ్యాహ్నమే బజారుకు వెళ్ళి గ్యారేజీలోకి రెండో కుర్చీ కొనుక్కొచ్చాను. నాదానికంటే మంచి కుర్చీ.

పరీక్ష పేరు సీసీఐఈ. కంప్యూటర్ నెట్‌వర్కులు కట్టి బతికే మాబోటి వాళ్ళకు దాని పైన ఇంకో మెట్టు లేదు. రాతపరీక్ష ఎలాగోలా గట్టెక్కుతారు. అసలు గండం ల్యాబ్. ఎనిమిది గంటలు. మొదటి భాగంలో ఏదో ఒక కంపెనీ సంగతి చెప్పి, వాళ్ళ ఉత్తరాలూ పటాలూ ముందు పడేసి, వీళ్ళకు నెట్‌వర్కు ఎలా ఉండాలో తేల్చమంటారు. ఒకసారి జవాబిచ్చి ముందుకెళ్తే వెనక్కి తిరిగి దిద్దుకోవడానికి లేదు. రెండో భాగంలో మన చేత్తో కట్టి నడిపించి చూపాలి. గెలిచినవాడికి ఒక నంబరు ఇస్తారు. చచ్చేదాకా ఆ నంబరు వాడిదే. మా వాళ్ళు నలుగురు కలిస్తే పేర్లకంటే ముందు నంబరుందా అనే అడుగుతారు. నాకు లేదు. రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ చేతులూపుకుంటూ తిరిగొచ్చాను.

డాలస్ పక్కన గార్లండ్‌లో మా ఇంటి గ్యారేజీలో కారు ఉండాల్సిన చోట నా పాత రౌటర్లు, నెట్‌వర్కు స్విచ్చుల డబ్బాలు అరలు అరలుగా ఉండేవి. వాటి ఫ్యాన్ల హోరు వంటింట్లోకి వినిపించేది. నేను రెండో పెళ్ళాన్ని, మొదటావిడ గ్యారేజీలో గురక పెడుతోంది అని మోరీన్ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. వెర్నన్ పోక్లుడా పెళ్ళాం పిచ్చోడు కాదు, డబ్బాల పిచ్చోడు అని మా బంధువుల్లో నాకు పేరు కూడా పడింది.

మొదటి రెండు మూడు వారాలు నా జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ లేవు. ఆఫీసు నుంచి రాగానే చొక్కా మార్చుకుని గ్యారేజీలోకి వెళ్ళేవాణ్ణి. లిడా అప్పటికే కుర్చీలో కాళ్ళు మడిచి కూర్చుని, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు కాగితం కప్పులో ఊస్తూ ఉండేది. నేను చెప్పేవాణ్ణి, తను వినేది. ఒక రౌటరు పక్క రౌటరును ఎందుకు నమ్ముతుందో, ఎప్పుడు అనుమానిస్తుందో, దారి తెగితే కొత్త దారి ఎలా వెతుక్కుంటుందో. చిన్నప్పుడు లెక్కలు చెప్పించుకోవడానికి కూడా వాళ్ళమ్మ దగ్గరికే పోయిన పిల్ల, ఇప్పుడు నా నోటివంక చూస్తూ తలాడిస్తుంటే నాకు గాల్లో తేలినట్టుండేది.

ఏప్రిల్ నెలలో ఒక సాయంత్రం అది చెడింది.

ఆ రోజు నేను సెలవు పెట్టి పొద్దుటి నుంచి ఒక అభ్యాసం మీద కూర్చున్నాను. ఎక్కడో ఒకచోట తప్పుంది. చిన్నది. రెండు ఊళ్ళ మధ్య దారి కలుస్తోంది, విడిపోతోంది, మళ్ళీ కలుస్తోంది. ఒక్కో రౌటరులోకీ వెళ్ళి వరస వరసా చదువుకుంటూ పోతున్నాను. లిడా తన పని ముగించుకుని వచ్చి, నా భుజం మీదుగా కాసేపు చూసి, తన ల్యాప్‌టాప్ తెరిచింది. నా అభ్యాసమే అందులోకి ఎక్కించుకుంది. తనకు డబ్బాలక్కర్లేదు, హోరు లేదు, అంతా ఆ పలక మీదే. పైథాన్ అనే ప్రోగ్రాము భాషలో నాలుగు వరసలు రాసింది. ఆ నాలుగు వరసలూ అన్ని రౌటర్లనూ ఒక్కసారి పలకరించి, ఎవరి మాట ఎవరి మాటతో కలవడం లేదో చెప్పేశాయి.

"ఇదిగో నాన్నా, ఇక్కడ. ఈ ఇద్దరికీ ఒకే పేరు పెట్టావు," అంది. నోట్లో గింజ అలాగే ఉంది.

తాతకు దగ్గులు నేర్పడమంటారు. నాకు నిజంగానే దగ్గడం రాదని అప్పుడే తెలిసింది. బాగుందమ్మా అన్నాను. ఆ తరవాత వంటింట్లోకి వెళ్ళి చల్లని టీ తాగుతూ నిలబడ్డాను. గ్యారేజీలోంచి తను ఏదో పాట కూనిరాగం తీస్తోంది. ఆ రాగం నా చెవిలో పడుతుంటే పంటికింద రాయి పడ్డట్టుంది. తను తప్పు పట్టినందుకు కాదు. అంత తేలిగ్గా పట్టినందుకు.

మా మధ్య మూడోవాడు కర్టిస్ యార్‌బ్రో. ఒకప్పుడు నాతో పనిచేశాడు, నంబరున్నవాడు, ఉద్యోగం మానేసి చెరువు ఒడ్డున రాక్‌వాల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. శనివారాలు నన్ను వెనక వరండాలో కూర్చోబెట్టుకుని, పొయ్యి మీద మాంసానికి పొగపెడుతూ, మొదటి భాగంలో వచ్చేలాంటి ప్రశ్నలు అడిగేవాడు. ఆ శనివారాలు నావి. ఇంకెవరినీ తీసుకెళ్ళేవాణ్ణి కాదు. మే నెలలో ఒకసారి లిడా నేనూ వస్తానంటే కాదనడానికి కారణం దొరక్క తీసుకెళ్ళాను.

కర్టిస్ ఒక లెక్క ఇచ్చాడు. టెక్సస్ ఉత్తరపు కొసన పశువుల దాణా అమ్మే దుకాణాలు వందలున్న ఒక వ్యాపారి. ఊళ్ళు దూరం, లైన్లు నాసిరకం. అన్నిటినీ ఎలా కలుపుతావురా అన్నాడు. నేను గడగడా చెప్పాను. ప్రతి దుకాణానికీ రెండు దారులు, ఏ దారి ముందు, ఏది వెనక, మధ్యలో ఏ కేంద్రం. తప్పేమీ లేదు అందులో. కర్టిస్ తలూపి లిడా వైపు తిరిగాడు.

లిడా కుర్చీ ముందుకు జరుపుకుంది. తరవాత అడిగింది, "లైను తెగితే ఆ దుకాణంలో ఏం జరుగుతుంది? అమ్మకం ఆగిపోతుందా, లేక వాళ్ళు కాగితం మీద రాసుకుని సాయంత్రం ఎక్కించుకుంటారా?"

"ఎందుకు?"

"రాసుకునేవాళ్ళయితే రెండో దారి వాళ్ళకి దండగ కదా."

కర్టిస్ పట్టకారు పళ్ళెంలో పెట్టి నా వంక చూశాడు. "ఇన్నేళ్ళుగా ఇక్కడ కూర్చుంటున్నావు, నా మాంసమంతా తిన్నావు. ఈ ప్రశ్న నన్ను ఒక్కసారైనా అడిగావురా?"

హాస్యానికే అన్నాడు. నేనూ నవ్వాను. ఆ రోజు మాంసం గడ్డి నమిలినట్టుంది.

మరుసటి వారం నుంచి కర్టిస్ ఫోను నాకు రావడం తగ్గి లిడాకు రావడం మొదలైంది. నేను గ్యారేజీలోకి అడుగుపెట్టేసరికి తను హెడ్‌ఫోన్ పెట్టుకుని, "కాదు కర్టిస్, అలా చేస్తే వాళ్ళకి ఖర్చు పెరుగుతుంది," అంటూ ఉండేది. నన్ను చూసి చెయ్యి ఊపేది. కర్టిస్ నిన్ను అడిగానని చెప్పమన్నాడు అనేది. అడిగానని చెప్పమనేవాడు నాకే ఫోను చేసి అడగవచ్చు కదా అని నాకు లోపల కుతకుతలాడేది. పైకి మాత్రం, మంచిది, మంచిది అనేవాణ్ణి. బిడ్డ చేతిలో ఓడిపోవడమే తండ్రికి గెలుపు అని పెద్దలంటారు. ఆ మాట అన్న పెద్దాయనకు పిల్లలున్నారో లేదో నాకు అనుమానం.

మోరీన్ కంటికి ఏదీ తప్పదు. ఒకరోజు గిన్నెలు కడుగుతూ, నీ మొహం ఈ మధ్య పులిసిన దోసకాయలా ఉందేమిటి అంది. పరీక్ష దగ్గర పడుతోంది కదా అన్నాను. పరీక్ష దగ్గరపడితే మొహం తెల్లబడాలి, పచ్చబడకూడదు అంది.

జూన్ నెలలో ఇంకోటి వచ్చి పడింది. నేను పనిచేసేది కిరాణా సరుకుల గిడ్డంగులున్న ఒక సంస్థలో. మొత్తం సంస్థకు నెట్‌వర్కులు ఎలా ఉండాలో తేల్చే పెద్ద ఇంజనీరు వేసవి చివరికి దిగిపోతున్నాడు. ఆ కుర్చీ నంబరున్నవాళ్ళకే ఇస్తారు. నేను మూడోసారి ల్యాబ్‌కి కట్టిందే దాని కోసం. ఒకరోజు మా పై అధికారి గ్లెండా ప్రూవిట్ నన్ను కాఫీ దగ్గర ఆపింది. మీ పరీక్ష ఎలా సాగుతోందని అడిగింది. ఆ వెంటనే, మీ అమ్మాయి కూడా రాస్తోందటగా, కర్టిస్ చాలా గొప్పగా చెప్పాడు, ఆవిడకు ఇష్టమైతే ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టమనండి అంది. మంచి మనిషి. నన్ను పొగిడాననే అనుకుంది.

ఇంటికొచ్చేదాకా ఆ మాట మింగలేక కక్కలేక తెచ్చుకున్నాను. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. కానీ కర్టిస్ నోట్లో ఏదీ ఆగదు. రాత్రి భోజనం దగ్గర, ఉప్పు అందించమన్నంత మామూలుగా చెప్పేశాను. తను వద్దంటుందని నా నమ్మకం. నిజం చెప్పాలంటే, వద్దంటుంటే వినాలనే చెప్పాను.

లిడా ఫోర్కు పళ్ళెంలో పెట్టింది. "అది నువ్వు ఎదురుచూస్తున్న కుర్చీ కదా నాన్నా."

"ఇంకా ఎవరిదీ కాదు."

"అంటే నీకు అభ్యంతరం లేదా?"

"నాకెందుకుంటుంది?"

తను నా కళ్ళలోకి చూసింది. నేను బీన్స్ వడ్డించుకున్నాను.

"అయితే పెడతాను," అంది లిడా.

మోరీన్ అటూ ఇటూ చూసి, లేచి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీసి, ఏమీ తీసుకోకుండానే మూసింది. ఆ ఆదివారం చర్చికి బయలుదేరుతూ మా ఇద్దరికీ వినపడేలా చెప్పింది. కొవ్వొత్తి ఒక్కటే వెలిగిస్తుందట. ఎవరి పేరున వెలిగించాలో తనకు తెలియదట. దేవుడు తెలివైనవాడు, ఆయనే చూసుకుంటాడట.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఆ జూలైలో మా గ్యారేజీలో ఇమిడాయి, వీపులు తిప్పుకుని. బయట నిప్పులు చెరిగే ఎండ. లోపల నా డబ్బాల వేడి. లిడా హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ గోడవైపు, నేను ఈ గోడవైపు. ఏదైనా అడగాలంటే ఇద్దరికీ నోరు పెగిలేది కాదు. తను చిక్కుపడ్డప్పుడు నాకు తెలిసేది, గింజలు నమలడం ఆగిపోయేది. అప్పుడు నేను తిరిగి చూసేవాణ్ణి కాదు. నేను చిక్కుపడ్డప్పుడు తనకూ తెలిసే ఉంటుంది. తనూ తిరగలేదు.

పరీక్షకు తారీఖులు దొరకడం కష్టం. నాది ఆగస్టు మొదట్లో ఖాయమైంది. తనకు సెప్టెంబరులో ఎక్కడో ఉండేది. ఎవరో మానుకుంటే ఆ జాగా పట్టుకుని, నాకంటే ఒక వారం ముందుకు జరుపుకుంది. ఆ సంగతి చెప్పినప్పుడు, కావాలని కాదు నాన్నా, దొరికింది అంతే అంది. దొరికితే తీసుకోవాలి మరి అన్నాను. ఆ ముందు వెళ్ళే వరస కూడా నాది కాకుండా పోయింది.

తన కారు మరమ్మతులో ఉంది. పరీక్ష కేంద్రం మాకు దగ్గరే, రిచర్డ్‌సన్‌లో. నన్ను దింపుతావా నాన్నా అని ముందురోజు అడిగింది. పొద్దున్నే బయలుదేరాం. గుడ్డూ ఆలుగడ్డా చుట్టిన టాకో మోరీన్ కట్టిస్తే, తను ఒడిలో పెట్టుకుని కూర్చుందిగాని విప్పలేదు. మోకాలు ఆడిస్తూనే ఉంది. స్కూల్లో మొదటిరోజు కూడా ఇలాగే ఆడించింది. నాకు ఒక్కసారిగా జాలి పొంగుకొచ్చింది. బండి ఆపి, భయపడకు, నీకు నాకంటే బాగా వచ్చు అని చెప్పేద్దామనుకున్నాను. అది నిజం కూడా. నిజం కాబట్టే నోరు రాలేదు. దిగేటప్పుడు, గడియారం చూసుకుంటూ ఉండు అన్నాను, అంతే. తను ఆ అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది. రెండుసార్లు నేను తోసిన తలుపే. జాలంతా ఇగిరిపోయి మళ్ళీ మంటే మిగిలింది.

ఆ రోజు ఆఫీసులో నాకు పని నడవలేదు. తను ఓడిపోవాలని కోరుకున్నానా అని ఎవరైనా అడిగితే, లేదనే అంటాను. గెలవాలని కోరుకున్నానా అంటే, అదీ లేదు. నా తారీఖు వచ్చేదాకా లోకం కదలకుండా ఉండాలని కోరుకున్నాను.

సాయంత్రం వెళ్ళేసరికి బయట మెట్ల నీడలో నిలబడి ఉంది. కారెక్కింది. చల్లగాలి పెంచమంది. పెద్ద రోడ్డు ఎక్కాం.

"పోయింది నాన్నా," అంది. "మెయిలు రానక్కర్లేదు. నాకు తెలిసిపోయింది."

ఆ క్షణంలో నా గుండెలో ఏమైందో చెప్పాలి కదా. తేలికైంది. గాలిలో పైకి లేచిన బుడగంత తేలిక. అదే క్షణంలో పక్కన నా బిడ్డ రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడుస్తోంది. ఒక తండ్రి గుండెలో ఈ రెండూ ఒకేసారి పడతాయని అప్పటిదాకా నాకు తెలియదు.

దారి పక్కన మంచు తురిమి రంగునీళ్ళు పోసి అమ్మే బండి దగ్గర ఆపాను. రెండు కొన్నాను. చిన్నప్పటి నుంచీ తనకు ఎర్రదే ఇష్టం. కారులోనే కూర్చున్నాం. తను కొంచెం తిని, ముక్కు తుడుచుకుని, చేతిలోని కప్పు వంక చూస్తూ మెల్లగా మొదలెట్టింది.

"నాన్నా, మొదటి భాగంలో ఒక కంపెనీ ఉంటుంది..."

లోపల చూసినదేదీ బయట ఎవరికీ చెప్పబోమని పరీక్షకు ముందు మా అందరిచేతా ఒప్పిస్తారు. భార్యకైనా, బిడ్డకైనా. తనకు తెలుసు, నాకూ తెలుసు.

"చెప్పకు," అన్నాను.

"నీకు వచ్చే వారమే కదా. ఒక్క మాట. ఎక్కడ పడ్డానో అదొక్కటి."

"వద్దన్నానుగా లిడా."

తను తల తిప్పి నన్ను చూసింది. తరవాత కప్పు కిటికీ అంచున పెట్టి, సీటు బెల్టు పెట్టుకుంది. ఇంటికెళ్ళాం.

నేను వద్దన్న సంగతి లిడాయే వాళ్ళమ్మకు చెప్పింది. మోరీన్ ఆ రాత్రి ఏ వెటకారమూ లేకుండా నా భుజం మీద చెయ్యి వేసింది. కర్టిస్‌కు చేరింది. ఫోను చేసి, నీలాంటివాడు వెయ్యిమందిలో ఒకడురా అన్నాడు. నేను మాట మార్చాను. నీతీ కాదు, నిజాయితీ కాదు. తను చెప్పిన ముక్కతో నేను గెలిస్తే ఆ గెలుపులో సగం తనదవుతుంది. నాకు మొత్తం కావాలి. తనను నేనే గెలవాలి, నా ఒక్కడి చేత్తో. నన్ను నిజాయితీగా నిలబెట్టింది నా కుళ్ళే.

నా పరీక్షలో ఏముందో ఇప్పటికీ చెప్పకూడదు. ఒక్కటి చెప్పవచ్చు. మొదటి భాగంలో ఒకచోట జవాబు నాకు కనపడగానే తెలిసిపోయింది. వేలు మీట మీదికి వెళ్ళింది కూడా. వెనక్కి రావడానికి లేని చోటు అది. అక్కడ చెయ్యి ఆగింది. లైను తెగితే వాళ్ళకు ఏం జరుగుతుంది అని అడుగుతున్న గొంతు వినపడింది. నా గొంతు కాదది. ఆ కాగితాలన్నీ మళ్ళీ మొదటి నుంచి చదివాను. వేరే జవాబు ఇచ్చాను. మొత్తం నాదే కావాలని పంతం పట్టి వెళ్ళిన చోట కూడా తను నా పక్క కుర్చీలోనే కూర్చుంది.

మెయిలు రెండు రోజుల తరవాత మధ్యాహ్నం వచ్చింది. గెలిచాను. నంబరు కూడా ఉంది అందులో. గిడ్డంగి గోడకు ఆనుకుని నిలబడి మోరీన్‌కు ఫోను చేశాను. ఏడ్చింది. దేవుడు తేల్చాడన్నమాట అంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి లిడా వంటింట్లో ఉంది. వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. గర్వంగా ఉంది నాన్నా అంది. నీకు రావలసిందే అంది. అనవలసిన మాటలన్నీ, ఒక్కటీ వదలకుండా, వరసలో అంది. తరవాత వెనక్కి జరిగి నవ్వింది. ఆ నవ్వు నాకు కొత్త కాదు. ఏప్రిల్ నుంచీ నా మొహం మీద ఉన్నది అదే.

కుర్చీ నాకే ఇచ్చారు. సెప్టెంబరులో లిడా ఫోర్ట్‌వర్త్‌లో ఇల్లు చూసుకుని వెళ్ళిపోయింది. పోట్లాట లేదు, మాట తేడా లేదు. ఫోను చేసినప్పుడల్లా వాళ్ళమ్మతో మాట్లాడేది. నాన్న బాగున్నాడా అని చివర్లో అడిగేది. నేను పక్కనే ఉండేవాణ్ణి. బాగున్నాడని మోరీన్ చెప్పేది. కూతురు ఉన్న ఇల్లు ఖాళీ అయితే చప్పుడు తగ్గుతుందనుకుంటాం. మా ఇంట్లో చప్పుడు తగ్గలేదు, మాటలు తగ్గాయి.

డిసెంబరులో తను మళ్ళీ రాసింది, గెలిచింది. ఆ రోజుకంటే నాకు ఎక్కువ గుర్తుండేది దాని ముందు వచ్చిన అక్టోబరు. డాలస్ తిరనాళ్ళకు ఏటా ముగ్గురం వెళ్తాం. ఆ ఏడు రాదేమో అనుకున్నాం, వచ్చింది. మోరీన్ బొంతల పోటీ చూడాలని పెద్ద హాల్లోకి వెళ్ళింది. పుల్లకు గుచ్చిన సాసేజీలు చెరొకటి పట్టుకుని మేమిద్దరం బెంచీ మీద మిగిలాం. ఎదురుగా పిల్లలు గుర్రాల రంగులరాట్నం ఎక్కడానికి తోసుకుంటున్నారు.

తనే ఎత్తింది. ఆ రోజు కారులో నువ్వు వద్దన్నావు చూడు, నేను దాని గురించి చాలా ఆలోచించాను అంది. నేను నీ చోట ఉంటే వినేదాన్ని నాన్నా అంది. ఆ పొగడ్త నాకు గొంతులో ఎముకలా గుచ్చుకుంది. కర్టిస్ దగ్గరా, మోరీన్ దగ్గరా ఊరుకున్నాను. తన దగ్గర ఊరుకోవడం నావల్ల కాలేదు.

"అది మంచితనం కాదే," అన్నాను. "నీ సాయం లేకుండా నిన్ను దాటాలనుకున్నా. ఏప్రిల్ నుంచీ నీ మీద ఏడుస్తూనే ఉన్నా."

లిడా సాసేజీ ఒక ముక్క కొరికింది.

"నాకు తెలుసు," అంది.

"తెలుసా?"

"నీ మొహం దాచుకోవడం నీకు ఎప్పుడు వచ్చు గనక? నేనెందుకు చెప్పబోయానో నీకు తెలుసా మరి?"

"సాయం చేద్దామని."

"నువ్వు గెలుస్తావని నాకు ఆ సాయంత్రమే అనిపించింది. చెబితే, గెలిచింది నావల్లే అని ఎప్పటికీ అనుకోవచ్చని." పుల్ల బెంచీ మీద పెట్టింది. "నేను ఊరికే ఓడిపోదలుచుకోలేదు నాన్నా."

నేను సాసేజీ పుల్ల తిప్పుతూ కూర్చున్నాను. తను నా బిడ్డ కాదని ఎవరైనా అంటే ఆ ఒక్క మాట చాలు, సాక్ష్యానికి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముందు నవ్వింది తనో నేనో గుర్తులేదు. పక్క బెంచీ ఆవిడ మావైపు తిరిగి చూసేంత నవ్వాం.

నవ్వు ఆగాక లిడా డిసెంబరులో తారీఖు దొరికిందని చెప్పింది. శనివారాలు కర్టిస్ దగ్గరికి వెళ్తున్నావా అని అడిగాను, గొంతు మామూలుగా ఉంచడానికి ప్రయత్నిస్తూ. వెళ్ళడం లేదంది. కర్టిస్ ఏం చెప్పినా బాగుంది బాగుంది అంటున్నాడట, తనకు అది అక్కర్లేదట.

"నువ్వడుగు," అంది. "నువ్వయితే నాకు ఊరికే మార్కులు వెయ్యవు."

అక్కడే, ఆ గోలలోనే ఒకటి అడిగాను. ఒక సంస్థ, నాలుగు ఊళ్ళు, ఈ మధ్యే ఇంకో సంస్థను కొన్నది, రెండింటి నెట్‌వర్కులకూ పొసగదు. నాకు ఆఫీసులో నెల రోజులు పట్టిన చిక్కు అది. లిడా మోకాలు ఆడిస్తూ వింది. రెండు ప్రశ్నలు వేసింది. తరవాత జవాబు చెప్పింది.

ఆఫీసులో నేను చెప్పినదానికంటే బాగా చెప్పింది. అవును, అదే అన్నాను. లోపల ఎక్కడో చురుక్కుమంది. దాన్ని అలాగే ఉండనిచ్చి, రెండో ప్రశ్న అడిగాను.